కుర్సురా కడుపులో ఒక ఆదివారం

విశాఖలో కైలాసగిరి మీద గాజు వంతెన తెరిచినప్పటి నుంచి మా అక్కగారింట్లో ఆదివారం టిఫిన్లు గొడవ లేకుండా అవడం లేదు. 2025 డిసెంబరు 1న తెరిచారు దాన్ని. కొండ అంచున మొదలై, 50 మీటర్ల పైచిలుకు గాలిలోకి నడిచి, అక్కడితో ఆగిపోతుంది. సుమారు 7 కోట్ల పని. అంతకుముందు దేశంలో ఈ తరహాలో పెద్దదని చెప్పుకున్నది కేరళలో వాగమన్‌ది, 40 మీటర్లు. "మనదే పొడుగు మావయ్యా" అని మా మేనల్లుడు పెసరట్టులో ఉప్మా పెట్టినట్టు ప్రతి మాటలోనూ ఆ లెక్క పెడతాడు. వాళ్ల నాన్న, అంటే మా బావగారు, స్టీల్ ప్లాంట్‌లో ముప్పయ్యేళ్లు వెల్డింగు చేసి రిటైరైన మనిషి. ఆయనది ఒకటే ప్రశ్న. "పొడుగు సరేరా. పదేళ్లు పోయాక ఎలాగుంటాదో అది సెప్పు."

ఈ ఊళ్లో ఇది పాత తగువే. సముద్రం పక్కనే కొండ, కొండ కిందే రోడ్డు ఉన్న ఊరికి ప్రతి పదేళ్లకీ ఒక కొత్త ఆట కావాలనిపిస్తుంది. రోప్‌వే వచ్చింది, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు వచ్చింది, ఇప్పుడు గాజు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో అలల మీద తేలే వంతెన కూడా వేశారు. ప్రారంభించిన మర్నాడే దాని కొసనున్న వేదిక విడిపోయి నీళ్లలో వేరే తేలుతూ కనబడింది. ఊడిపోయిందని జనం, పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారులు. వాకింగ్ అయ్యాక టీ కొట్టు దగ్గర ఆ మాట ఎత్తితే ఇప్పటికీ రెండు జట్లవుతాయి. కొత్త ఆటలకి డబ్బు పెట్టాలని ఒక జట్టు, ఉన్నవి చూసుకోమని ఇంకో జట్టు. ఇద్దరికీ ఊరంటే ప్రాణమే, అందుకే అంత గట్టిగా అరుచుకుంటారు.

మొన్న బావగారు పళ్లెం పక్కన పెట్టి లేచారు. "నువ్వు 7 కోట్లంటన్నావు. ఐదున్నర కోట్లకి ఈ ఊరు సేసిన పని సూపిస్తాను, పద." మేం ముగ్గురం వెళ్లింది బీచ్ రోడ్డుకి, ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరికి.

విశాఖలో పెరిగిన ఎవరికైనా కుర్సురా బడి రోజుల్లోనే చూసేసిన వస్తువు. లైన్లో నిలబెట్టి తీసుకెళ్తారు, ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగుతాం, బయట మొక్కజొన్న పొత్తు తింటాం. నేనూ అలాగే చూశాను, అంటే చూడలేదన్నమాట. ఒక వెల్డర్ పక్కన నడిస్తే తప్ప అది చేత్తో చేసిన వస్తువని నాకు తట్టలేదు.

బావగారు టిక్కెట్టు కౌంటరు వైపు వెళ్లలేదు. ముందు ఓడ పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. 91 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు. నీళ్లలో ఉన్నప్పుడు ఇందులో చాలా భాగం ఎవరికీ కనపడదు. ఒడ్డున నిలబెడితేనే ఆ పొట్ట, ఆ వంపు, తోక దగ్గర సన్నబడిన తీరు తెలుస్తాయి. "ఈ రేకు సూడు" అని అరచెయ్యి ఆనించారు. బయట కనపడేది సబ్‌మెరైన్ అసలు ఒళ్లు కాదట, చొక్కాయట. ఇలాంటి ఓడకి రెండు పొరలు. లోపలిది మందపాటి ఉక్కు గొట్టం, లోతులో నీటి ఒత్తిడినంతా అదే మోస్తుంది. బయటిది పల్చటి రేకు, నీళ్లని చీల్చుకుపోవడానికి వీలైన ఆకారం ఇవ్వడమే దాని పని. రెండింటి మధ్యా తొట్లు. ఆ తొట్లలోకి సముద్రాన్ని రానిస్తే ఓడ మునుగుతుంది, గాలి ఊది నీళ్లని వెళ్లగొడితే తేలుతుంది. అంత పెద్ద యంత్రానికీ ప్రాణసూత్రం అంతే.

"మరి తుప్పు?" అన్నాడు మావాడు.

"అదే నాను సెప్పేది." నీళ్లలో ఉండే ఓడకి ఒంటికి జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీరు ఉక్కుని తినేబదులు జింకుని తింటుంది. ఒడ్డుకి తెచ్చాక ఆ మందు పనిచెయ్యదు, దిమ్మ చుట్టూ నీళ్లుంటేనే దాని కాపలా. గాలిలో నిలబెట్టిన ఉక్కుకి రంగు తప్ప దిక్కులేదు. ఆ రంగుని విశాఖ గాలి పగలూ రాత్రీ గోకుతుంది. అలల నుంచి లేచే తుంపర రోడ్డు దాటి మా డాబా మీద గ్రిల్లుని కూడా తినేస్తోందంటే, ఇసుక మీదే నిలబడ్డ ఓడ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే దీనికి సుత్తితో తుప్పు రాల్చే చిప్పింగ్, ప్రైమర్, రంగు, మళ్లీ చిప్పింగ్. బావగారు కింది వరసలో ఒకచోట వంగి, కొత్త రేకు పాత రేకుని కలుసుకునే అతుకుని వేలితో తడిమి చూశారు. చాలాసేపు తడిమారు. "ఒంగున్న రేక్కి ఒంగున్న ముక్క ఏసి, అతుకు కనపడకుండా సేసినాడు. సెయ్యి ఒణక్కుండా సేసినాడు" అన్నారు. ఎవరా వెల్డర్ అంటే బోర్డు మీద పేరుండదు.

కుర్సురా సోవియట్ యూనియన్‌లో పుట్టింది, 1969 డిసెంబరు 18న రీగాలో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ల పనిలో 73,500 నాటికల్ మైళ్లు నడిచింది. 2001 ఫిబ్రవరి 27న విరమణ. మామూలుగా అయితే ఆ తరవాత తుక్కే. దాన్ని ఒడ్డుకి చేర్చి జనానికి చూపాలన్నది అడ్మిరల్ పస్రీచా ఆలోచన. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు, అదే నెల 24 నుంచి జనాన్ని రానిచ్చారు. ఒడ్డుకి చేరే చివరి 600 మీటర్లకి పట్టిన కాలం 18 నెలలు, ఖర్చు ఐదున్నర కోట్లు.

ఆ 600 మీటర్ల దగ్గర మా బావగారు కాసేపు ఆగి సముద్రం వైపు చూశారు. ఇది నీళ్ల మీద తేలుతున్నప్పుడు 1,950 టన్నులు, నీటి కింద ఆరు మీటర్లు మునిగి ఉండే ఒళ్లు. మన బీచ్‌లో అల విరిగే చోట మనిషి నిలబడితే నీళ్లు మొలదాకా వస్తాయి. అంటే ఓడ తన సొంత నీళ్లలో ఒడ్డుకి ఎంతమాత్రం రాలేదు. లాగాలి. లాగుతుంటే పక్కకి ఒరగకూడదు, నడుం విరగకూడదు, కింద ఇసుక జారిపోకూడదు, అల ఊరుకోమన్నా ఊరుకోదు. పోర్టులో క్రేన్ల కింద బరువులెత్తడం ఈ ఊరికి కొత్త కాదు గానీ, బీచ్‌లో క్రేను లేదు, జెట్టీ లేదు. ఇప్పుడు పునాది దిమ్మల మీద నిటారుగా కూర్చుని ఉంది. పాతికేళ్లవుతోంది, ఒక్క పక్కకీ వాలలేదు. మా వీధిలో మొన్న కట్టిన ప్రహరీగోడకి ఆ మాట చెప్పలేను.

లోపలికి వెళ్లాం.

ఇక్కడి పనితనం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ లోపల ఉంది. సబ్‌మెరైన్‌లోకి నావికులు దిగేది పైనుంచి, నిట్టనిలువు నిచ్చెన మీద, బావిలోకి దిగినట్టు. స్కూలు పిల్లల్నీ, చీరలు కట్టుకున్న అమ్మమ్మల్నీ అలా దింపలేరు. అందుకని ఒంటి పక్కన ఒక చివర ఒక తలుపు, ఇంకో చివర ఒక తలుపు కోశారు. మెట్లు కట్టారు. తరవాత లోపల చెయ్యగలిగినవి ఎన్నో ఉన్నాయి: గోడలు తీసి దారి వెడల్పు చెయ్యొచ్చు, గొట్టాలు పీకి అద్దాలు పెట్టొచ్చు, నేల మీద తివాచీ, మూల మూలకీ తెర. అవేవీ చెయ్యలేదు. సంక్రాంతికి ఊళ్లో పాత ఇంటిని ముస్తాబు చేసే పేరుతో దూలాలకి ఎనామిల్ రంగు పూసే అలవాటు ఎరిగినవాళ్లకి తెలుస్తుంది, చెయ్యి ఆపుకోవడం ఎంత కష్టమో. బావగారి మాటలో అయితే, "ఏటీ సెయ్యకుండా ఒదిలీడానికి శానా పని తెలాలి." ఉన్నదున్నట్టు మిగిలిన సబ్‌మెరైన్ మ్యూజియంలు ప్రపంచంలో కొద్దే, వాటిలో కుర్సురా ఒకటి.

లోపల ఏడు గదులు, ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లా. గదికీ గదికీ మధ్య గుండ్రటి రంధ్రం. అదే తలుపు. గడప మోకాలి ఎత్తున, పైకప్పు ఛాతీ ఎత్తున. ఏ గదిలోకి నీళ్లొచ్చినా తక్కిన ఆరింటినీ కాపాడడానికి దాన్ని మూసి బిగించేస్తారు, అందుకే అంత చిన్నది. జనం దాని ముందు నిలబడి తికమక పడతారు, తల ముందా, కాలు ముందా? మావాడు తల దూర్చాడు. టంగుమని మోగింది. వెనకాల ఎవరో పాప కిసుక్కున నవ్వింది. అక్కడున్న గైడు, రిటైరైన నేవీ మనిషి, నవ్వకుండా పైనున్న కడ్డీ రెండు చేతులా పట్టుకుని, రెండు కాళ్లూ ఒక్కసారి అవతలికి ఊపి, నడుం వెనకే జారి, అవతల నిలబడ్డాడు. ఒక్క రెప్పపాటు. అరవై దాటిన ఒంట్లో ఇరవై ఏళ్ల అలవాటు అది. ఆ రింగు అంచుని చూడండి ఎప్పుడైనా వెళ్తే. చేతులు పడే చోట రంగు పోయి లోహం మెరుస్తుంటుంది. ఎక్కడ పట్టుకోవాలో ఓడే చెబుతుంది, బోర్డు అక్కర్లేదు.

గైడ్లుగా నౌకాదళంలో పనిచేసినవాళ్లనే పెట్టాలన్న నిర్ణయానికి నేను ఓడని ఒడ్డుకి లాగిన పనితో సమానంగా మార్కులు వేస్తాను. చెవిలో పెట్టుకునే యంత్రం ఒకటిచ్చి బటన్ నొక్కమంటే చవగ్గా పోయేది. ఈ మనిషి అయితే "ఇక్కడ పడుకునేవాళ్లం" అంటూ పరుపు మీద అరచేత్తో ఒకసారి తడతాడు. ఆ తట్టడంలో ఉన్నది ఏ రికార్డింగులోనూ రాదు.

మొదటి గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, చివరి గదిలో నాలుగు. ఒక్కో గొట్టం నోరు 53 సెంటీమీటర్లు, మన ఇళ్లలో పెద్ద గంగాళం నోరంత. 22 టార్పెడోలు మోసేది. వాటి పక్కనే పడకలు. 8 మంది అధికారులు, 67 మంది నావికులు, మొత్తం 75 మంది. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు ఆ వెచ్చటి పరుపు మీదే ఒరిగేవాడు. వంటిల్లు ఇద్దరు పక్కపక్కన నిలబడితే నిండిపోయేంత, అందులోనే 75 మందికి వండాలి. స్నానం అనేది దాదాపు లేదు, మంచినీళ్లు తాగడానికే. నావికుల దుస్తులు తొడిగిన బొమ్మలు అక్కడక్కడ ఉంటాయి. నన్నడిగితే అవి కూడా అక్కర్లేదు. ఆ పడక ఎంత కురచో చూస్తే మనిషి తనంతట తానే కనబడతాడు.

మధ్యగది ఓడకి బుర్ర. పెరిస్కోపు, చుక్కానులు తిప్పే చోటు, లోతు చూపే ముళ్లు, గోడ కనపడకుండా అల్లుకున్న గొట్టాలు, వాటి మీద లెక్కలేనన్ని చక్రాల వాల్వులు. మావాడు ఫోను తీసి ఫొటోలు తియ్యడం మొదలెట్టాడు. బావగారు మాత్రం గొట్టాల వంపులు చూస్తున్నారు. ఒక్క గొట్టం కూడా ఇంకోదాన్ని రాసుకోకుండా, ప్రతిదానికీ స్పానరు పట్టే సందు వదిలి, పది పదిహేను వరసలు ఒకే చోట మలుపు తిరిగాయి. "దీన్ని బిగించినోడు విప్పాల్సినోడి గురించి కూడా ఆలోసించినాడు." ఆ తరవాత ఎక్కడికెళ్లినా నేను గొట్టాలే చూస్తున్నాను. మా అపార్టుమెంటు గోడ మీద కుళాయి పైపులు చూసి సిగ్గేస్తోంది.

ఇంజిన్ గదిలో మూడు డీజిలు ఇంజిన్లు పక్కపక్కన, ఒక్కోటి 2,000 గుర్రాలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. నీటి అడుగున డీజిలు నడవదు, దానికి గాలి కావాలి. అందుకని పైన ఉన్నప్పుడు ఇంజిన్లు తిప్పి, నడవాల కింద వరసగా పేర్చిన బ్యాటరీలు నింపుకుని, మునిగాక వాటితో మోటార్లు నడుపుకుంటుంది. నేల మీద అడుగేస్తున్నామనుకుంటాం గానీ కింద ఉన్నవి ఓడ ఊపిరితిత్తులు. ఈ గదిలో ఏళ్ల నాటి నూనె వాసన ఇంకా పోలేదు. పోగొట్టనందుకు దండం.

ఇక్కడి నుంచి ఒక సినిమా కూడా పుట్టింది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి విశాఖ వచ్చి ఈ సబ్‌మెరైన్ చూశాకే, 1971 డిసెంబరులో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ కథ పట్టుకున్నాడు. అదే 2017లో వచ్చిన 'ఘాజీ'. ఒక టిక్కెట్టు ఎంత దూరం వెళ్తుందో పెట్టుబడి లెక్కలు వేసేవాళ్లు ఏ గడిలో రాస్తారో మరి.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక మావాడు మళ్లీ అందుకున్నాడు. "బానే ఉంది నాన్నా. కానీ ఇది ఒకసారి చూస్తే అయిపోద్ది. మళ్లీ మళ్లీ రావాలంటే కొత్తదేదో ఉండాలి కదా." న్యాయమైన మాటే. రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం పెట్టింది అందుకే. 29 ఏళ్లు ఎగిరి, 30 వేల గంటలు ఒక్క ప్రమాదమూ లేకుండా తిరిగి, 2017లో విశాఖలో దిగింది. విప్పి ముక్కలుగా బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్లీ అతికారు. అదే డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. మంచి పనే. నాకు మాత్రం రోడ్డుకి ఇటువైపే ఇష్టం.

కానీ బావగారు వేరే లెక్క తీశారు. కుర్సురా లాంటి ఓడలకి నాటో కూటమి పెట్టిన పేరు ఫాక్స్‌ట్రాట్. ఇదే జాతి సబ్‌మెరైన్లు అమెరికాలోనూ మ్యూజియంలయ్యాయి, నీళ్లలోనే తేలుతూ. లాంగ్ బీచ్‌లో ఉన్నదాని బయటి రేకు తుప్పుపట్టి నీళ్లొచ్చి 2015లో మూసేశారు. శాన్ డియాగోలోనిది 2005 నుంచి జనాన్ని ఎక్కించుకుని, 2022లో తుక్కుకి పోయింది. మన పక్కనే మామల్లపురంలో వాగ్లీ అనే సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేద్దామనుకున్నారు, అది ఒడ్డే ఎక్కలేదు. ఆ ఐదున్నర కోట్లలో ఎక్కువ తెలివి నీళ్లలోంచి తీసెయ్యడంలో ఉందని అప్పుడర్థమైంది నాకు.

నీళ్లు మాత్రం ఊరుకున్నాయా? మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. పోర్టుకి ఔటర్ హార్బరు కట్టినప్పుడు సముద్రంలోకి సాచిన రాతిగోడలు ఆ నడకకి అడ్డం పడ్డాయి. ఇసుక అటు ఆగిపోతుంది, ఇటు ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టు వాళ్లు గోడ పక్కన చేరిన ఇసుకని డ్రెడ్జరుతో తోడి, తెచ్చి, బీచ్‌కి పోస్తుంటారు. మనం పల్లీలు తింటూ నడిచే ఇసుకలో కొంత అలా ఓడ మీద వచ్చినదే. కుర్సురాని కాపాడే పనుల్లో అదొకటి, ఎవరికీ కనపడదు.

"ఇసక్కి టిక్కెట్టు ఎవడు కొంటాడు నాన్నా?" అన్నాడు మావాడు.

బావగారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. రంగుకి, రేకుకి, ఇసుకకి రిబ్బను కత్తిరించే సభ జరగదు, ఫొటో పడదు. కొత్త ఆటకి డబ్బు దొరికినంత సులువుగా పాత అతుక్కి దొరకదు. టీ కొట్టు దగ్గర రెండో జట్టు గొంతు ఎప్పుడూ కాస్త బొంగురుగా ఉండడానికి కారణం అదే అయ్యుంటుంది. గణతంత్ర దినం లాంటి రోజుల్లో సముద్రంలో పనిచేస్తున్న నౌకలకి కట్టినట్టే కుర్సురాకీ ఈ కొస నుంచి ఆ కొసకి జెండాలు కడతారు. విరమించిన ఓడకి అది మామూలుగా దక్కే మర్యాద కాదు. ఆ జెండాల తాడు కిందే చిప్పింగ్ సుత్తి దెబ్బలుంటాయని మనకి తట్టదు.

మరుసటి ఆదివారం వంతు మావాడిది. బావగారిని కైలాసగిరి తీసుకెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. గాజు మీదికి ఒక్కసారికి 40 మందినే వదులుతారు. లైన్లో నిలబడి చూస్తే, నిజమే చెప్పాలి, గుండె ఝల్లుమంది. ఒక కొస కొండలో పాతి, రెండో కొసకి ఏ ఆధారమూ లేకుండా సాచి పట్టుకున్నారు, చెయ్యి చాపి నిండుబిందె పట్టుకున్నట్టు. బరువంతా భుజం మోస్తుంది. అడుగున ఉన్నది పొరలు పొరలుగా అతికిన 40 మిల్లీమీటర్ల గాజు, ఒక పొర పగిలినా తక్కినవి పట్టుకుంటాయి. కిందకి చూస్తే చెట్ల తలలు, వాటి కింద రోడ్డు, దాని కింద నురగ. ఆడపిల్లలు కళ్లు మూసుకుని వాళ్లాయన మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నారు, మూసుకున్న కళ్లకి గాజైతేనేం సిమెంటైతేనేం. మావాడు వంతెన చివరికి వెళ్లి చేతులు చాపి మమ్మల్ని పిలుస్తున్నాడు.

బావగారు చివరికి రాలేదు. మొదట్లోనే, ఉక్కు దూలాలు కొండలోకి దూరే చోట రెయిలింగు పట్టుకుని, సగం వంగి, తల పక్కకి వాల్చి అడుగు వైపు చూస్తున్నారు. ఈ కొండలన్నీ ఖొండలైట్ రాయి, గాలికీ వానకీ పైన గుల్లబారే రాయి. 2014లో హుద్‌హుద్ తుపాను ఈ కొండ మీది చెట్లని ఏం చేసిందో చూసిన కళ్లవి. దూలానికీ రాయికీ మధ్య కాంక్రీటు ఎంత లోతుకి పోయిందో పైనుంచి తెలియదు. అయినా వెతుకుతున్నారు.

"నాన్నా, వ్యూ అటు కాదు, ఇటు!" అని అరిచాడు మావాడు.

"అతుకు బానే ఏసినార్రా" అన్నారాయన, తల ఎత్తకుండానే. వెనకాల ఉన్న కుర్రాడు జరగండి తాతగారూ, టైమయిపోతోంది అంటున్నాడు.